బోరుబావి కడ సూర్యవిద్యుత్తు: గ్రిడ్డుతోడి పొత్తు

మిరపకోత ముగిసి, కళ్లములు ఊడ్చి, కాయను యార్డునకో శీతల గిడ్డంగికో చేర్చిన పిమ్మట మన మెట్టపొలములలో బోరుబావులకు పని యుండదు. చైత్రము మొదలు తొలకరి వఱకు నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చి యుండును. మోటారు గదికి తాళము పడియుండును. సూర్యుడు మనకు మిక్కిలిగ వెలుగు నిచ్చునదియు సరిగా ఆ దినములలోనే. బోరుపై ఒంటిగా బిగించిన సౌరఫలకములు ఆ మూడునాలుగు నెలలును ఎండను త్రాగుచు ఎవరికిని ఏమియు ఈయజాలక ఊరక పడియుండును. నీటికి పనిలేనప్పుడు ఆ విద్యుత్తునకు పోవుటకు త్రోవ లేదు.

ఆ త్రోవయే గ్రిడ్డుతోడి కలయిక. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలలో సౌరపంపులు పెట్టదలచిన సభ్యులు కొందఱు మమ్ము సలహా యడుగుచున్నారు. మా అభిప్రాయము మొదటనే చెప్పివేయుచున్నాము. పెట్టదలచినచో, తీగ యందుబాటులో నున్నంత వఱకు, గ్రిడ్డుతో కలిపియే పెట్టవలయును. ఎవరికి వారు గాక సంఘము ద్వారమున పెట్టవలయును. యూనిటునకు ధర యెంతయో కాగితముపై పడినగాని సంతకము చేయరాదు.

ఇన్వర్టరు అనగానే మన యిండ్లలో వేసవి కోతలకై బ్యాటరీతో పెట్టుకొన్న పెట్టె స్ఫురించును. ఇది వేఱు. ఇంటి పెట్టె కరెంటు పోయినప్పుడు పనిచేయును. గ్రిడ్డుతో కలియు ఇన్వర్టరు కరెంటు ఉన్నప్పుడే పనిచేయును. సౌరఫలకము నుండి వచ్చునది ఒకే దిక్కునకు ప్రవహించు విద్యుత్తు. మన స్తంభములపై పాఱునది సెకనుకు 100 మారులు దిక్కు మార్చుకొను విద్యుత్తు. మొదటిదానిని రెండవదానిగా మార్చి, గ్రిడ్డు ఊగుచున్న లయతో అడుగులో అడుగు కలిపి తీగలోనికి విడుచుట ఈ యంత్రము పని. పెద్దబండికి కట్టిన యెడ్ల జతలో ఒక కోడెదూడను చేర్చినప్పుడు దాని నడకను పెద్దయెడ్ల నడకకు ఎట్లు సరిచేయుదుమో ఇదియు అట్టిదే. గ్రిడ్డు చిన్నది కాదు. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు, షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల మార్గము కలిసిన నాటినుండి దక్షిణదేశపు తీగలును ఉత్తరదేశపు తీగలును ఒక్క లయలోనే నడచుచున్నవి. మన చేని గట్టుమీది యంత్రము ఆ లయను మార్చజాలదు, అనుసరింపవలసినదే.

ఇచట రైతులు చాలమంది పొరపడు సంగతి ఒకటి కలదు. "ఫలకములు మావి, ఎండ మాది, కరెంటు పోయినను మోటారు తిరుగవలయును గదా" యని వాదింతురు. గ్రిడ్డు ఆగినచో ఇన్వర్టరును ఆగును, ఆగవలయును కూడ. కారణము ప్రాణముతో ముడిపడినది. తీగ తెగినదనియో, ఫ్యూజు పోయినదనియో లైన్‌మాన్ సబ్‌స్టేషను కడ సరఫరా నిలిపించి స్తంభమెక్కును. ఆ సమయమున ఏ చేనిలోని యంత్రమో తీగలోనికి విద్యుత్తు నెట్టుచుండినయెడల, అదే ట్రాన్స్‌ఫార్మరు గుండ వెనుకకు పాఱి 11 కిలోవోల్టులై అతని చేతికి తగులును. అందుచేతనే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు 2013లో చేసిన నిబంధనలలో, గ్రిడ్డు నుండి విడివడిన రెండు సెకన్లలోపల ఇట్టి యంత్రము తీగలోనికి విద్యుత్తు పంపుట మానవలయునని వ్రాసిరి. వోల్టేజి నూటికి 110 మించినను, 80కి దిగినను అట్లే రెండు సెకన్లలో తప్పుకొనవలయును. ఈ కట్టడిని తప్పించి పెట్టెదమని చెప్పు మెకానిక్కులు ఉందురు. అట్టివానిని చేని గట్టు త్రొక్కనీయవలదు. ఇంటి బ్యాటరీ ఇన్వర్టరును గాని, డీజిలు జనరేటరును గాని మీటను మార్చకుండ ఊరి తీగకు తగిలించుటయు ఇట్టి ఘోరమే.

అందఱు యంత్రములును ఒక్క హద్దు కడనే ఒక్కసారిగా తప్పుకొనుట వేఱొక చిక్కు. జర్మనీ దేశమున ఇండ్లకప్పులపై లక్షలాది సౌరయంత్రములు వెలసినవి. గ్రిడ్డు లయ 50.2 దాటినతోడనే అవన్నియు ఏకముగ ఆగునట్లు అమర్చియుండిరి. యంత్రములు కొలదిగా నున్నప్పుడు దాని వలన బాధ లేకపోయెను; అవి పెఱిగిన పిమ్మట, అన్నియు ఒక్క క్షణమున ఆగినచో గ్రిడ్డే కూలునని గ్రహించి, 2012లో చట్టము చేసి మూడు లక్షలకు మించిన యంత్రముల అమరికను మార్చవలసి వచ్చినది. మనము ఆలస్యముగ మొదలుపెట్టుచున్నాము గనుక ఆ ఖర్చు మనకు తప్పవలయును. కొనునప్పుడే కొత్త నిబంధనలకు తగిన యంత్రమును అడిగి తీసికొనుట మేలు.

మా స్వానుభవము ఒకటి చెప్పెదము. మా సంఘపు గిడ్డంగి కప్పుపై కొంతకాలము క్రిందట 10 కిలోవాట్ల ఫలకములు పెట్టించితిమి. చలికాలమంతయు చక్కగ నడచినది. వేసవి వచ్చినది, ప్రక్కనున్న కారపు మిల్లుకు పని తగ్గినది. నాటినుండి మిట్టమధ్యాహ్నము ఇన్వర్టరు ఆగుట, మరల లేచుట, మరల ఆగుట. అమ్మినవారు వచ్చి యంత్రములోని అట్టను మార్చిరి, గుణము లేదు. విద్యుత్ కార్యాలయమున వ్రాతపూర్వకముగ నివేదించితిమి. రెండు నెలలు గడచినవి. కడకు మా సభ్యుని కుమారుడు, ఐటిఐ చదివినవాడు, మీటరు పెట్టి చూడగా పెట్టె కడ వోల్టేజి 255 దాటుచుండెను. గిడ్డంగి నుండి స్తంభము వఱకు లాగిన తీగ మిక్కిలి సన్నము, దూరము నూఱు గజములు. సన్నని కాలువలో నీటిని ఎగద్రోయబోయినచో ఈవలి వైపు మట్టము పెఱుగును గదా, అట్లే సన్నతీగలో విద్యుత్తును నెట్టుటకు యంత్రము తన కడ వోల్టేజిని పెంచుకొనుచుండెను. పెంచి పెంచి హద్దు దాటి తానే ఆగుచుండెను. మిల్లు నడచుచున్నన్నాళ్లు ఆ విద్యుత్తును ప్రక్కనే అది వాడుకొనుచుండుటచే లోపము బయటపడలేదు. లావు తీగ వేసితిమి, సరిపోయినది. యంత్రమునకు లక్షలు పోసి తీగ కడ లోభించిన ఫలమది. లోభించినది మేమే గనుక ఎవరిని అనుటకును లేదు.

మన పొలములలో ఈ చిక్కు ఇంకను హెచ్చు. బోర్లు ట్రాన్స్‌ఫార్మరునకు దూరముగ, తీగల కొనలయందుండును. అంతకంటె ముఖ్యమైనది సరఫరా వేళ. మనకు వ్యవసాయ ఫీడరుపై త్రీఫేజు కరెంటు దినమునకు 9 గంటలు అనుకొన్న యెడల, ఆ గంటలు తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నమునకే ముగిసినచో, అపరాహ్ణపు ఎండయంతయు వ్యర్థము. ఫీడరు ఆగినతోడనే ఇన్వర్టరులన్నియు ఆగును గదా. కావున సూర్యుడున్నంతసేపు ఫీడరును నిలిపియుంచెదమని పంపిణీ సంస్థవారు ఒడంబడికలో వ్రాయనిచో, ఫలకములపై పెట్టిన సొమ్ములో కొంత పాలు గంగపాలే. ఈ ఒక్క షరతును గూర్చి సభ్యులు అడుగగా మేమెన్నడును వినలేదు. సబ్సిడీ యెంతయని మాత్రము అందఱును అడుగుదురు.

ఇక ధర సంగతి. ఇంటివారికి లెక్క సులభము. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము వంటివానితో కప్పుపై పుట్టిన యూనిటు బిల్లులోని యూనిటును కొట్టివేయును. రైతునకు బోరు కరెంటు ఉచితము; కొట్టివేయుటకు బిల్లే లేదు. కావున అతనికి లాభము, మిగిలిన విద్యుత్తును అమ్మగా వచ్చు రొక్కమున మాత్రమే యున్నది. ఆ రొక్కమెంత? 2018 ప్రాంతమున మన రాష్ట్రమున విజయనగరము జిల్లా సవరవల్లి ఫీడరుపై సూర్యరైతు అను పేర గ్రిడ్డుతో కలిసిన సౌరపంపులను పరీక్షింప సంకల్పించినప్పుడు యూనిటునకు అనుకొన్న ధర రూపాయిన్నర. 5 అశ్వశక్తుల మోటారున్న రైతును తీసికొనుడు. 2019లో ఆరంభమైన ప్రధానమంత్రి కుసుమ్ పథకము, మోటారు శక్తికి రెండింతల వఱకు ఫలకములు పెట్టుకొనవచ్చుననెను. అనగా ఏడున్నర కిలోవాట్లు. మన యెండకు కిలోవాటు దినమునకు సగటున నాలుగు యూనిట్ల వంతున, మబ్బులు మొదలగునవి పోగా, సాలుకు రమారమి 10,000 యూనిట్లు. మిరపకు నీరు పెట్టుటకు 4,000 పోయినవనుకొందము. మిగిలిన 6,000 యూనిట్లకు రూపాయిన్నర చొప్పున 9,000 రూపాయలు. మొదట అతడు తన పాలు పెట్టుబడి తెచ్చిన అప్పునకు వడ్డీయైనను కట్టుకొనునా యన్నది ఎవరికి వారు లెక్క చూచుకొందురు గాక.

దీనిప్రక్క గుజరాతు దేశపు ఖేడా జిల్లాలోని ఢుండీ గ్రామము లెక్క పెట్టి చూడుడు. అచటి రైతులు ఆఱుగురు అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థవారి తోడ్పాటుతో 2015లో సౌరపంపులు పెట్టి, 2016లో సహకార సంఘముగ రిజిష్టరు చేయించిరి. సౌర సేద్యపు సహకార సంఘములలో ప్రపంచమున అదియే మొదటిదని ప్రసిద్ధి. మధ్య గుజరాత్ విద్యుత్ సంస్థవారు యూనిటునకు 4 రూపాయల 63 పైసల వంతున 25 సంవత్సరములు కొనెదమని వ్రాసియిచ్చిరి. రైతులు దానికి మాఱుగ రాయితీ కరెంటు కనెక్షన్లు కోరమని ఒప్పుకొనిరి. ఆ ధరకు మన 6,000 యూనిట్లను కట్టినచో 27,780 రూపాయలు. మూడింతలు! ఎండ ఒక్కటే, ఫలకము ఒక్కటే. తేడా అంతయు కాగితములో నున్నది. అదే రాష్ట్రమున 2018లో వచ్చిన సూర్యశక్తి కిసాన్ పథకమున మొదటి ఏడేండ్లు 7 రూపాయలు, తరువాతి 18 ఏండ్లు మూడున్నర రూపాయలు అని నిర్ణయించిరి. ధర మధ్యలో తగ్గునట్టిదైనను ముందే తెలిసియుండుట రైతునకు ఊఱట.

పంపిణీ సంస్థవారు ఊరకుండరు; వారి వాదము వారికున్నది. 2021 డిసెంబరులో మన రాష్ట్ర పంపిణీ సంస్థలు భారత సౌరశక్తి సంస్థతో 7,000 మెగావాట్లకు యూనిటు 2 రూపాయల 49 పైసల చొప్పున ఒడంబడిక చేసికొన్నవి. రైతుల పగటి కరెంటు కొఱకే ఆ విద్యుత్తును రాజస్థాన్ నుండి తెచ్చుట సంకల్పము. "అంత చౌకగా దొరకుచుండ మీకు నాలుగు రూపాయలు ఏల ఈయవలయు"నని వారడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని ఎడారిలో పుట్టిన యూనిటు పెద్దతీగలను, సబ్‌స్టేషనులను, 11 కిలోవోల్టుల లైనును, ట్రాన్స్‌ఫార్మరును దాటి వినుకొండ మెట్టలోని చివరి బోరునకు చేరులోపల దారిలో కొంత కరగిపోవును, రవాణా ఖర్చు మీద పడును. ఆ బోరు కడనే పుట్టిన యూనిటునకు ఆ ప్రయాణము లేదు. పైగా చివరి తీగలలో తగ్గు వోల్టేజిని అది నిలబెట్టును, ట్రాన్స్‌ఫార్మరు భారమును తగ్గించును. మధ్యాహ్నపు వోల్టేజి లేమిచే మోటారు చుట్ట కాలి, తవ్వించి తీయించి రీవైండింగుకు మోసికొనిపోయిన రైతునకు దాని విలువ చెప్పనక్కఱలేదు. గిట్టుబాటు ధర ఆ రెంటి నడుమ ఎచటనో ఉన్నది. పంపిణీ సంస్థ మిగుల్చుకొను ఖర్చునంతయు లెక్కించి అంతకు తగ్గకుండ ఈయవలయునని మేమందుము. ఢుండీ ధర మనకు తప్పక రావలయునని మేము మొండికి పోము. రూపాయిన్నరకు మాత్రము ఒప్పుకొనము.

మీటరు పేరు చెప్పినంతనే మన రైతాంగము ఉలికిపడును. 2020లో బోర్లకు మీటర్లు పెట్టి సబ్సిడీని నగదుగ ఇచ్చెదమని ప్రభుత్వము తలపెట్టినప్పుడు, ఉచిత విద్యుత్తు పోవునేమోయని ఊరూర కలవరము కలిగినది. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. అయినను తూకము లేక సరుకు అమ్ముట ఎట్లు? మిరపయార్డులో కాటా లేకుండ బస్తా దిగునా? అమ్మకపు మీటరు మన కాటా. దానిని చదువునది పంపిణీ సంస్థవారు ఒక్కరే గాక సంఘపు గుమాస్తాయు ప్రతినెలయు చదివి పుస్తకమున ఎక్కింపవలయును. ఆ మీటరు చూపి ఉచిత సరఫరాను తగ్గింపమని వ్రాతమూలకమైన హామీ పొందవలయును. నోటిమాట చాలదు.

సంఘము ద్వారమున అని మొదట ఏల అంటిమో ఇప్పుడు తేటపడును. ఒంటి రైతు పంపిణీ సంస్థ కడకు పోయి ఫీడరు వేళలు మార్చుమని, తీగ లావుచేయుమని, ధర పెంచుమని అడుగుట ఎట్లు? ఢుండీలో పంపిణీ సంస్థ సంఘమునంతటిని ఒకే చోట, ఒకే మీటరుతో కొన్నది. లోపలి పంపకము సభ్యులే చూచుకొనిరి. విద్యుత్తును సహకారముగ నడపుట తెలుగువారికి క్రొత్త కాదు. సిరిసిల్లలో 1970లోనే సహకార విద్యుత్ సరఫరా సంఘము వెలసినది. అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పములందును అట్టివి ఏర్పడినవి. వారు కొని పంచిరి. మనము పండించి అమ్మెదము, అంతే తేడా.

ప్రతి బోరు కడ ఫలకములు పెట్టుటకంటె సబ్‌స్టేషను దాపున ఒకే చోట పెద్ద కేంద్రము పెట్టి ఫీడరునంతటిని నడపుట సులువని ఇంజనీర్లు చెప్పుదురు. 2020 చివరినుండి కుసుమ్ పథకమున దీనికిని చోటిచ్చిరి. ఒక్క యంత్రమును కాచుట నూఱు యంత్రములను కాచుటకంటె తేలిక. రాగితీగ దొంగల బెడదయు తక్కువ. ఇది నిజమే. కాని ఆ కేంద్రము బయటి కంపెనీదైనచో రైతునకు పగటి కరెంటు దక్కును గాని అమ్మకపు రొక్కము దక్కదు. కుసుమ్ మొదటి విభాగమున 500 కిలోవాట్లు మొదలు రెండు మెగావాట్ల వఱకు కేంద్రములు పెట్టుటకు సహకార సంఘములను, పంచాయతీలను కూడ అర్హులనుగా చేర్చిరి. మెగావాటునకు నాలుగైదెకరముల నేల చాలును. సాగునకు పనికిరాని చవుడుభూమి మన గ్రామములలో లేకపోలేదు. సంఘమే యజమానియై అట్టి కేంద్రము పెట్టగల్గినచో మేము దానికే మొగ్గు చూపెదము. పెట్టుబడి పెద్దది, అప్పు దీర్ఘకాలము. పథకములు వచ్చుచుండును, గడువులు ముగియుచుండును. నేలయు సభ్యుల సమ్మతియు సిద్ధముగ నున్న సంఘమునకే అవి అక్కఱకు వచ్చును.

భూగర్భజలమును గూర్చి రెండు మాటలు. ప్రకాశము జిల్లా పడమటి మెట్టలలో బోరు లోతునకు పోయినకొలది నీరు తగ్గుటయే గాక ఫ్లోరైడు విషము బాధించుటయు మన మెఱుగుదుము. ఒంటి సౌరపంపు ఉచితముగ తిరుగును గనుక ఆపు బుద్ధి పుట్టదు. చేను నిండినను నీరు పాఱుచునే యుండును. అదే విద్యుత్తునకు ధర యున్నచో, వృథాగా తోడిన ప్రతి గంటయు నాలుగు యూనిట్ల నష్టమని రైతు వ్రేళ్లపై లెక్కించును. జలమును కాపాడుటకు ఎన్నో చట్టములు చేసిరి. 2002లో వాల్టా చట్టమును వచ్చినది. వానికంటె ఈ లెక్క బలమైనదని మా నమ్మకము.

కడపటివి కొన్ని చిల్లర సంగతులు. ఫలకములు పాతికేండ్లు వచ్చును గాని ఇన్వర్టరు అన్నియేండ్లు రాదు. పదేండ్ల నాటికి మార్పు తప్పకపోవచ్చును. అమ్మకపు రొక్కమునుండి ప్రతి సాలును కొంత నిల్వనిధికి తీసియుంచనిచో ఆ నాడు మరల అప్పే. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల కడనే తీరము దాటినది. కల్లాలలోని మిరపయు చేలలోని ప్రత్తియు ఏమైనవో మఱువలేదు. చట్రములు ఆ గాలికి ఆగునవై యుండవలయును, పునాదికి సిమెంటు తగ్గించి మిగుల్చుకొనరాదు. కళ్లము ప్రక్కన ఫలకములు పెట్టినచో దుమ్ము పేరుకొని రాబడి తగ్గును. వారమునకొకమారు ఉదయముననే మంచినీటితో తుడువవలయును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుచున్నాము. ఆసక్తిగల సభ్యులు తమ బోరు సర్వీసు నంబరు, మోటారు అశ్వశక్తి, ట్రాన్స్‌ఫార్మరు నుండి దూరము, ఏ నెలలలో ఎన్ని గంటలు నీరు పెట్టుచున్నారో ఆ వివరము కాగితముపై వ్రాసి తెచ్చినచో ఫీడరు వారీగ పట్టీ తయారగును. ఒకే ఫీడరుపై ముప్పది మందియైనను కలిసినచో, ఆ పట్టీతోనే పంపిణీ సంస్థ కార్యాలయమునకు పోయి ధరను గూర్చియు వేళలను గూర్చియు మాటలాడెదము.